ప్రతి గొంతుకూ ఒక స్వరం
(స్కేలు, కార్డు, హార్మనీ - ఒక పరిచయం)



గత వార్షికోత్సవానికి ప్రార్థనాగీతం సాధన చేస్తున్న రోజుల్లో జరిగిన ఒక సంగతితో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాము. మా బృందంలో ఆరవ తరగతి తమ్ముళ్ళ నుండి పదవ తరగతి వాళ్ళ దాకా ఇరవై మందిమి ఉన్నాము. పల్లవి బాగానే వచ్చేది. చరణంలో పాట పైకి వెళ్ళగానే పదవ తరగతి వాళ్ళం ఆరుగురం అందుకోలేక ఎక్కడో మధ్యలో ఆగిపోయేవాళ్ళం. పాటంతా చెదిరిపోయేది. చివరికి "మీరు ఊరికే పెదవులు కదపండి చాలు" అన్నారు. ఆ రోజు స్టేజి మీద మేము ఆరుగురం అలాగే పెదవులు కదిపి దిగివచ్చాము. చప్పట్లు మాకు కూడా వచ్చాయి గాని, మనసుకు మాత్రం సంతోషం కలగలేదు.

ఆ తర్వాత సెలవుల్లో, చర్చిలో కీబోర్డు వాయించే మా మిత్రుడొకడి దగ్గర కూర్చుని, హాస్టల్‌లోని పాత హార్మోనియం మీద మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాము. దీనికి సంగీత కళాశాలలో చేరనక్కరలేదు. పన్నెండు వరకు లెక్కపెట్టడం వస్తే చాలు.

మెట్లు - స్థాయి

హార్మోనియం మీద 'స' నుండి పై 'స' వరకు ఉన్న దూరాన్ని ఒక స్థాయి అంటారు. ఇందులో ఏడు తెల్ల మెట్లు, ఐదు నల్ల మెట్లు, మొత్తం పన్నెండు స్వరస్థానాలు ఉంటాయి. పై 'స' పౌనఃపున్యం కింది 'స' కు సరిగ్గా రెట్టింపు. అంటే ఒక మెట్టు నుండి పక్క మెట్టుకు వెళ్ళినప్పుడల్లా పౌనఃపున్యాన్ని ఒకే సంఖ్యతో గుణిస్తూ పోతే, పన్నెండోసారికి రెట్టింపు కావాలి. ఆ సంఖ్య సుమారు 1.0595. లెక్కల మాస్టారిని అడిగితే గుణశ్రేఢి అని చెబుతారు.

ఒకటి శ్రుతి అంటే ఇంగ్లీషు వాళ్ళ 'సి'. ఆ పక్క నల్ల మెట్టు ఒకటిన్నర, తర్వాత తెల్ల మెట్టు రెండు. ఈ విధంగా ఏడు వరకు లెక్కిస్తారు. సాధారణంగా మగవాళ్ళు ఒకటి, రెండు శ్రుతుల దగ్గర, ఆడవాళ్ళు, చిన్నపిల్లలు ఐదు శ్రుతి దగ్గర పాడతారు.

స్కేలు అంటే దూరాల వరుస

ఒకటి శ్రుతి దగ్గర 'స' పెట్టుకుని వరుసగా తెల్ల మెట్లు మాత్రమే నొక్కండి. స రి గ మ ప ద ని స వినిపిస్తుంది. ఇదే శంకరాభరణం. 72 మేళకర్తలలో 29వది. పాశ్చాత్యులు దీనినే మేజర్ స్కేలు అంటారు. ఒక్కొక్క స్వరానికి మధ్య ఎన్ని మెట్లు దాటామో లెక్కపెడితే 2, 2, 1, 2, 2, 2, 1 వస్తుంది. మొత్తం పన్నెండు.

ఈ వరుసే స్కేలుకు ప్రాణం. రెండు శ్రుతి దగ్గర 'స' పెట్టుకుని అవే దూరాలు నడవండి. ఈసారి రెండు నల్ల మెట్లు వస్తాయి గాని వినిపించేది అదే శంకరాభరణం. మెట్లు మారినా వరుస మారలేదు కదా! పాటను మన గొంతుకు తగిన శ్రుతికి మార్చుకోవడం అంటే ఇంతే.

మొదటి తెల్ల మెట్ల వరుసనే 'ద' నుండి పై 'ద' వరకు వాయించి, ఆ 'ద' నే 'స' గా భావించుకోండి. దూరాలు 2, 1, 2, 2, 1, 2, 2 అవుతాయి. మెట్లు అవే అయినా భావం మారి, కొంచెం దిగులుగా వినిపిస్తుంది. ఇది 20వ మేళకర్త నటభైరవి. పాశ్చాత్యుల మైనర్ స్కేలు.

కార్డు అంటే ఏమిటి?

ఇది పోస్టుకార్డు కాదు! మూడు గాని అంతకంటె ఎక్కువ గాని స్వరాలను ఒకేసారి పలికిస్తే దానిని కార్డు అంటారు. స్కేలులో ఒక స్వరం తీసుకుని, పక్కది వదిలి తర్వాతది, మళ్ళీ ఒకటి వదిలి తర్వాతది తీసుకోవాలి. అప్పుడు స-గ-ప వస్తుంది. 'స' నుండి 'గ' కు నాలుగు మెట్లు, 'గ' నుండి 'ప' కు మూడు మెట్లు. ఇలా 4, 3 వస్తే మేజర్ కార్డు. రి-మ-ద తీసుకుంటే 3, 4 వస్తుంది. అది మైనర్ కార్డు.

శంకరాభరణంలో మేజర్ కార్డులు మూడు:
1) స - గ - ప
2) మ - ద - స
3) ప - ని - రి

ఈ మూడింటిలోని స్వరాలన్నీ ఒక చోట రాసి చూడండి. ఏడు స్వరాలూ ఉన్నాయి. అందుకే ఈ మూడు కార్డులు వచ్చినవాడు ఎన్నో పాటలకు గిటారు వాయించగలడు.

కొన్ని ఎందుకు కలుస్తాయి? కొన్ని ఎందుకు కలవవు?

ఇక్కడ భౌతికశాస్త్రం పనికివస్తుంది. ఒకటి శ్రుతి 'స' సెకనుకు సుమారు 261.6 కంపనాలు చేస్తుంది. అందులో 'ప' 392. అంటే 'స' రెండు కంపనాలు చేసే లోపల 'ప' దాదాపు మూడు చేస్తుంది. స-గ-ప మూడింటి నిష్పత్తి దాదాపు 4:5:6. ఇలాంటి చిన్న చిన్న అంకెల నిష్పత్తి ఉన్న స్వరాలు మన చెవికి హాయిగా కలుస్తాయి.

ఇప్పుడు 'స' ను, పక్కనున్న నల్ల మెట్టును కలిపి నొక్కండి. ఒకటి 261.6, రెండవది 277.2. ఈ రెండింటి తేడా వలన సెకనుకు 15, 16 సార్లు ధ్వని పెరుగుతూ తగ్గుతూ గరగరలాడుతుంది. ఇంటర్ పుస్తకంలో విస్పందనాలు అని చదివేది ఇదే.

ఇంకొక మాట. హార్మోనియంలో పన్నెండు మెట్లనూ సమానంగా పంచడం వలన 'గ' 329.6 దగ్గర ఉంటుంది. 4:5 లెక్కన అయితే 327 రావాలి. గమకాలు పలకవన్న కారణంతో పాటు ఇలాంటి శ్రుతి భేదాల వలన కూడా పండితులు హార్మోనియాన్ని ఆక్షేపించారు. ఆలిండియా రేడియో 1940లో దానిని నిషేధించి, మూడు దశాబ్దాలు ఆ నిషేధాన్ని కొనసాగించింది. అయినా మన పద్యనాటకాలు హార్మోనియాన్ని వదలలేదు.

మన సంగీతం - హార్మనీ

ఒక స్వరం తర్వాత ఒక స్వరం వరుసగా నడిస్తే మెలొడీ. వేరు వేరు స్వరాలు ఒకేసారి కలిసి నడిస్తే హార్మనీ. మన శాస్త్రీయ సంగీతం రాగం మీద, అంటే మెలొడీ మీద నడుస్తుంది. వెనుక తంబురా 'ప', 'స' లను పలికిస్తూ ఉంటుంది. కాబట్టి ప్రతి పాటకూ కార్డులు తగిలించడం మంచిది కాదు. ఉదాహరణకు మోహనంలో 'మ', 'ని' లేవు. అక్కడ ప-ని-రి కార్డు వేస్తే లేని 'ని' వచ్చి కూర్చుంటుంది. తెలిసి వేస్తే అది కొత్తదనం, తెలియక వేస్తే రాగానికి దెబ్బ.

ఈ రెండు పద్ధతులకూ పరిచయం ఈనాటిది కాదు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. అవి శంకరాభరణంలోనే ఉన్నాయి. పన్నైపురం అనే పల్లెలో 1943లో పుట్టిన ఇళయరాజా అన్నగారి బృందంతో ఊరూరా తిరిగి పాడి, ఆ తర్వాత మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. పల్లె పాటకూ హార్మనీకీ చుట్టరికం ఎలా కలపవచ్చో ఆయన సినిమా పాటలు వింటే తెలుస్తుంది.

మా ఆరుగురి సంగతి

ఇప్పుడు మొదటి సంగతికి వద్దాము. పన్నెండు, పదహారేళ్ళ మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది. స్వరతంత్రులు పొడవై, గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. దీనినే మనం "గొంతు పోయింది" అంటున్నాము. నిజానికి అది ఎక్కడికీ పోలేదు, కిందికి దిగింది, అంతే.

మా పాట శంకరాభరణం స్వరాలలో ఉంది. ఐదు శ్రుతిలో చరణం తారస్థాయి 'గ' వరకు వెళ్తుంది. అది తమ్ముళ్ళకు సులువు, మాకు అందదు. పోనీ ఒక స్థాయి దించి పాడదామంటే పల్లవి మరీ అడుగుకు పోయి మా గొంతులో పలకదు. మరి ఏమి చేయాలి? పై మూడు కార్డులను మళ్ళీ చూడండి. 'ప' మొదటి కార్డులోనూ ఉంది, మూడవ కార్డులోనూ ఉంది. తమ్ముళ్ళు పై 'స' లో ఉన్నా, 'గ' లో ఉన్నా, 'రి' లో ఉన్నా, 'ని' లో ఉన్నా మేము మధ్యస్థాయి 'ప' పట్టుకుంటే కలుస్తుంది. పాట మ-ద-స కార్డు మీదికి వెళ్ళినప్పుడు మాత్రం 'ప' నుండి పక్కనున్న 'ద' కు వెళ్ళి, తిరిగి 'ప' కు రావాలి. మొత్తం రెండే రెండు స్వరాలు!

శ్రుతిని ఐదు నుండి నాలుగున్నరకు తగ్గించాము. పల్లవి అందరం కలిసి పాడి, చరణంలో మేము ఆ రెండు స్వరాల మీద అవే మాటలు పాడాము. మొదటి రోజు తమ్ముళ్ళ బాణీలోకి జారిపోయాము. మూడవ రోజు చెవులు మూసుకుని పాడితే నిలబడింది. వారం తిరిగేసరికి చెవులు తెరిచి పాడగలిగాము. పాట పూర్తయ్యాక వంటగది దగ్గర నుండి వంట మనిషి అన్న వచ్చి, "రికార్డు పెట్టారా?" అని అడిగాడు. అప్పుడు కలిగిన సంతోషం పోయినేటి చప్పట్లకు కలగలేదు.

మీరు కూడా చేసి చూడండి

1) ఏ మెట్టు నుండైనా 2, 2, 1, 2, 2, 2, 1 నడిచి శంకరాభరణం పట్టుకోండి.
2) స-గ-ప ను ముగ్గురు మిత్రులు తలా ఒక స్వరం పట్టుకుని 'ఆ' అంటూ పది సెకన్లు నిలపండి.
3) తర్వాత 'గ' పాడేవాడు ఒక్క మెట్టు కిందికి దిగాలి. మేజర్ మైనర్ కావడం మీ చెవితో మీరే వింటారు.

ఈ ఏడాది వార్షికోత్సవ ప్రార్థనాగీతంలో ఇరవై మందిమీ పాడుతున్నాము. గొంతు మారిందని తరువాతి బ్యాచిలో ఏ తమ్ముడినైనా పక్కన నిలబెట్టబోతే, దయచేసి వాడి చేత ముందు ఒక్క 'ప' పాడించి చూడండి.