మతిమరుపు జబ్బు ఆయుష్షును తగ్గిస్తుందా?

ప్రశ్న: అత్తగారికి 80 ఏళ్లు. రెండేళ్లుగా అడిగిందే అడుగుతున్నారు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నారు. ఈమధ్య గోదావరి గట్టు దాకా వెళ్లి, ఇంటికి దారి తెలియక నిలబడిపోయారు. పరీక్షలు చేసి డిమెన్షియా అన్నారు. దీనివల్ల ఆయుష్షు తగ్గుతుందా? - ఒక పాఠకురాలు, యానాం

జవాబు: తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది జబ్బు ఏ వయసులో బయటపడిందనే దాన్ని బట్టి ఉంటుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసి, 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ లెక్క ప్రచురించారు. 65 ఏళ్లకు జబ్బు బయటపడిన స్త్రీలు ఆ తర్వాత సగటున 8 ఏళ్లు, పురుషులు 5.7 ఏళ్లు బతికారు. 85 ఏళ్లకు బయటపడినప్పుడు స్త్రీలు 4.5, పురుషులు 2.2 ఏళ్లు. ఇక 80 దగ్గర బయటపడితే, ఆ వయసువారు మామూలుగా బతికే కాలంలో మూడు నాలుగేళ్లు తగ్గుతున్నాయి. ఆసియావాసులు అమెరికా, యూరప్ వారికంటే కొంత ఎక్కువ కాలమే బతికారు.

ఇవన్నీ సగటులు. ఈ పెద్దావిడకు ఇన్నేళ్లే అని ఏ డాక్టరూ గీత గీయలేరు.

చాలామందిలో చివరికి ప్రాణం మీదికి తెచ్చేది నెమ్ము. జబ్బు ముదిరేకొద్దీ మింగడం కూడా మెదడుకు కష్టమవుతుంది. అన్నం తినేటప్పుడు పొలమారి, మెతుకో నీళ్లో ఊపిరితిత్తుల్లోకి జారితే నెమ్ము చేస్తుంది. అందుకే పడుకోబెట్టి తినిపించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి. ముద్ద మింగాకే మరో ముద్ద. తిన్నాక అరగంట కూర్చోనివ్వాలి. నీళ్లకు పొలమారుతుంటే డాక్టరుకు చెప్పాలి. చిక్కటి జావలాంటివి సులువుగా దిగుతాయేమో వారు చూసి చెబుతారు. నోరు రోజూ శుభ్రం చేయాలి.

పడిపోయి తుంటి ఎముక విరగడం, మంచాన పడ్డాక పుండ్లు పడటం, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా అంతే ప్రమాదం. ఉన్నట్టుండి మాట తేడా పడినా, మగతగా ఉన్నా ‘జబ్బు ముదిరింది’ అని ఊరుకోకూడదు. ఇన్ఫెక్షన్ కావచ్చు, మందులతో తగ్గవచ్చు. యానాంలో గోదావరి ఇళ్లకు దగ్గరే కాబట్టి గేటు గడియ ఆవిడ చేతికి అందకుండా పెట్టడం, ఫోన్ నంబరు రాసిన కార్డు మెడలో వేయడం అవసరం.

మందులు జబ్బును నయం చేయవు, కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ కూడా మతిమరుపును పెంచుతాయి. వాటికి వైద్యం ఉంది కాబట్టి ఆ పరీక్షలు జరిగాయో లేదో కనుక్కోవాలి. 2024 ఫిబ్రవరిలో యానాంలో ప్రారంభమైన జిప్మర్ మల్టీ స్పెషాలిటీ విభాగంలో ముందుగా వాకబు చేయవచ్చు. పెద్దలకు సంబంధించిన సలహా, సాయం కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది.

ప్రశ్న: ఇంట్లో మిగతావారికి రాకుండా ఆపగలమా?

జవాబు: పూర్తిగా ఆపలేకపోయినా, వెనక్కి నెట్టవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే భాష మాట్లాడేవారికంటే సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. నడివయసు నుంచే బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవాలి. పొగ మానాలి. వినికిడి తగ్గితే, వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా చెవి యంత్రం పెట్టించుకోవాలి.