రొయ్యల ప్లాంటులో క్యూసీ ఉద్యోగమా? ముందు రిజిస్టర్ రాయడం నేర్చుకోండి

భీమవరం, కాకినాడ, నెల్లూరు, విశాఖ చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్యూసీ (నాణ్యత తనిఖీ) ఉద్యోగాల్లో చేరే కుర్రకారు చాలామంది ల్యాబ్ పనే అసలు పని అనుకుని వస్తారు. నెల తిరక్కుండానే చేతిలో అరడజను రిజిస్టర్లు పడతాయి. ఇంత చదివి ఈ గుమాస్తా పనేమిటని విసుగు పుడుతుంది. ఆ విసుగుతో రాసే అంకెలే ముందుముందు ఉద్యోగం మీదికి తెస్తాయి. ఎందుకో తెలియాలంటే మీ ప్లాంటు సరుకు ఏ నమ్మకం మీద ఓడ ఎక్కుతోందో తెలియాలి.

నమ్మకం ఎలా నడుస్తోంది?

ఐరోపా అధికారులు మన దేశంలోని ప్రతి ప్లాంటుకూ వచ్చి కూర్చోరు. మన ఎగుమతి తనిఖీ మండలి ప్లాంట్లను పరిశీలించి, అర్హత ఉన్నవాటి పేర్లు పంపుతుంది. ఆ జాబితాలో ఉన్న ప్లాంట్ల సరుకునే ఐరోపా సమాఖ్య తీసుకుంటుంది. ఒక దేశం చేసిన తనిఖీని ఇంకో దేశం ఒప్పుకోవాలంటే ఇద్దరి కొలతలూ కలవాలి. అందుకే 1963లో ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి ఆహార ప్రమాణాల కోసం కోడెక్స్ సంస్థను పెట్టాయి. మీరు రోజూ వినే హ్యాసప్ ఏడు సూత్రాలు దాని మార్గదర్శకాల్లో ఉన్నవే.

ఈ నమ్మకం పోతే ఏమవుతుందో 1997లో చూశాం. ప్లాంట్లలో పరిశుభ్రత సరిగా లేదని ఐరోపా సమాఖ్య ఆ ఏడాది మన సముద్ర ఉత్పత్తులను ఆపేసింది. 2016లో మందుల అవశేషాల భయంతో, మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో అక్కడ పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఒక చోట లాట్ ఫెయిలైతే అక్కడి హెచ్చరిక వ్యవస్థ ద్వారా సభ్య దేశాలన్నిటికీ కబురు వెళ్తుంది. తప్పు ఒక ప్లాంటుదైనా తనిఖీల భారం అందరి మీదా పడుతుంది, చివరికి చెరువు గట్టు మీది రైతు ధరలో కోత పడుతుంది.

చూశాకే రాయండి

షిఫ్టు మొదట్లోనే కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత రిజిస్టర్ మొత్తం మైనస్ 18 అని నింపేసే అలవాటు మీ పక్కనే కనిపించవచ్చు. మీరు మాత్రం దాని జోలికి వెళ్లకండి. సరుకు ఎక్కించేటప్పుడు కోల్డ్ స్టోరేజీ తలుపు తెరుస్తారు, అంకె కాస్త పైకి పోతుంది. ఏ గంటకు చూసినా ఒకే అంకె, ఒకే సిరా కనిపిస్తే ఆడిటర్‌కు ముందు అనుమానం వచ్చేది అక్కడే. పెరిగిన అంకెను ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కనే మీరేం చేశారో రాయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టండి. వైట్‌నర్ ముట్టుకోవద్దు.

మెటల్ డిటెక్టర్ విషయంలోనూ అంతే. టెస్ట్ పీస్‌ను మిషన్ పట్టలేదంటే ఆ ఒక్క నిమిషం సంగతి చూస్తే చాలదు. అంతకుముందు సరిగా పట్టిన పరీక్ష దగ్గర్నుంచి దాటిన పెట్టెలన్నీ పక్కన పెట్టి, మిషన్ సరిచేశాక మళ్లీ దాటించాలి.

కంటి చుక్కలను తేలిగ్గా తీసుకోవద్దు

కొన్ని కంటి చుక్కల్లో ఉండే క్లోరామ్‌ఫెనికాల్ అనే యాంటీబయోటిక్‌కు ఐరోపా పెట్టిన హద్దు కిలోకు 0.15 మైక్రోగ్రాములు. లెక్క వేస్తే, ఒక్క గ్రాము మందు 6,600 టన్నులకు పైగా రొయ్యలను ఆ హద్దుకు చేర్చగలదు. చెరువులో ఎవరూ వాడకపోయినా, పీలింగ్ చేసే మనిషి వేసుకున్న కంటి చుక్కలో, చేతి పుండుకు రాసుకున్న ఆయింట్‌మెంటో చాలు. షిఫ్టు మొదట్లోనే చేతులు చూడండి, ఏం మందు వాడుతున్నారో అడగండి.

అయితే గద్దించి అడిగితే నిజం రాదు. కిలోల లెక్కన కూలి తీసుకునే అక్కలు, పుండు చూపిస్తే ఇంటికి పంపేస్తారని దాచుకుంటారు. చేతికి గాయమైతే ఆ రోజుకు సరుకు ముట్టని పని ఇస్తామని, కూలి తగ్గదని మేనేజర్ చేత ముందే చెప్పించండి. ఆ భరోసా లేని చోట గ్లవ్స్ ఇచ్చినా గాయం దాగే ఉంటుంది.

‘కాస్త సర్దు’ అంటే

రాత్రికి కంటైనర్ కదలాలి, రిపోర్టు తేడాగా ఉంది. పైవాళ్లు “కాస్త సర్దెయ్యి బాబూ” అంటారు. వాదనకు దిగకండి, సంతకమూ పెట్టకండి. “సార్, ఈ లాట్ హోల్డ్‌లో పెడతాను. మళ్లీ శాంపిల్ తీసి పంపుదాం, ఈలోగా వేరే లాట్ ఎక్కిద్దాం” అనండి. అదే మాట మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాసి ఉంచండి. రేపు సరుకు వెనక్కి వస్తే వచ్చి నిలబడేది సంతకం పెట్టినవాడే.

ఆడిటర్ అడిగినదానికి తెలిస్తే చెప్పండి, తెలియకపోతే “రికార్డు చూసి చెప్తాను” అనండి. నెలకోసారి మీకు మీరే పరీక్ష పెట్టుకోండి: గోడౌన్‌లో ఒక కార్టన్ తీసి, దాని మీది కోడ్ నుంచి లాట్‌కు, లాట్ నుంచి చెరువుకు, ఆ చెరువు కోతకు ముందు చేసిన పరీక్ష సర్టిఫికెట్‌కు ఎంతసేపట్లో చేరగలరో చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీ ప్లాంటు బలహీనత ఉంది.

కొత్త ప్లాంటులో చేరేముందు ఒక్క మాట అడగండి: “కిందటి నెల ఎన్ని లాట్లు హోల్డ్‌లో పెట్టారు, ఎందుకు?” కారణాలతో సహా చెప్పే చోట జీతం ఓ వెయ్యి తక్కువైనా చేరండి. “మా దగ్గర ఒక్కటీ రాలేదు” అని గొప్పగా చెప్పే చోట, ఆ రిజిస్టర్ ఎవరు రాస్తున్నారో కనుక్కున్నాకే ఆలోచించండి.