చూసిన రంగు వేయనివ్వండి

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరితే ఎండ ముదరకముందే తీరం చేరొచ్చు. పిల్లలు ఎలాగూ అలల వైపే లాగుతారు. ఒక్క రోజు మాత్రం నీళ్లకు ఇవతలే, ఇసుక దిబ్బల దగ్గర ఆపండి. అక్కడ బాలబంద తీగ ఇసుకంతా అల్లుకుని ఉంటుంది. మేక గిట్టలా రెండుగా చీలిన ఆకు, గులాబీ ఊదా కలిసిన గరాటు పువ్వు. పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి ఆలస్యం చేయకండి. ఆ పక్కనే గాలికి దొర్లిపోయే ముళ్లబంతులు, అవే రావణాసురుడి మీసాలు. కాస్త వెనక్కి వస్తే జిల్లేడు, పల్లేరు పసుపు పూలు, సరుగుడు తోపు. బొమ్మకు ఇంతకన్నా ఏం కావాలి?

సూర్యుడు సముద్రం మీద నుంచే వస్తాడు గనుక పిల్లల్ని సముద్రానికి వీపు పెట్టి, తోపు వైపు తిరిగి కూర్చోబెట్టండి. కళ్లలో ఎండ పడదు, పూల మీద వెలుగు నిండుగా పడుతుంది. అలల మీద మాత్రం మీ కన్ను ఉండాల్సిందే.

రంగులకు సాఫ్ట్ పాస్టెల్స్ తీసుకెళ్లండి. అది దాదాపు రంగుపొడే; పుల్లగా నిలబడటానికి రవ్వంత జిగురు కలుపుతారు, అంతే. కుంచె వద్దు, నీళ్లు వద్దు, ఎండేదాకా ఆగక్కర్లేదు. బాలబంద పువ్వు వేయాలంటే ముందు లేత గులాబీని పుల్ల పక్కవాటుగా పట్టి రుద్దమనండి. తర్వాత వేలితో మధ్య నుంచి అంచుకు నెమ్మదిగా లాగితే రంగు మంచులా పరుచుకుంటుంది. గొంతు దగ్గర ఒక్క ముదురు ఊదా చుక్క. పువ్వు లోపల నిజంగానే అంత చీకటి ఉందా అని పిల్ల వంగి చూస్తుంది. నాకు బొమ్మ కన్నా ఆ వంగి చూడటమే ముద్దు.

నున్నటి కాగితం మీద ఈ పొడి నిలవదు. ఖరీదైనవి కొనక్కర్లేదు, బడి పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపర్ చాలు. మెరిసే వైపు కాదు, గరుకు వైపు వేయించండి. అసలు అది ఇసుక రంగులోనే ఉంటుంది, ఇసుక వేరే వేయనక్కర్లేదు! మిగిలిన పొడిని నోటితో ఊదనివ్వకండి, కాగితం నిలబెట్టి వెనక నుంచి తట్టమనండి. తడిగుడ్డ దగ్గరుంచుకుని, ఏదైనా తినే ముందు చేతులు తుడవండి. ఉబ్బసం ఉన్న పిల్లలకూ, ఇంకా నోట్లో పెట్టుకునే వయసు వాళ్లకూ ఈ పొడి వద్దు. మైనం కలిసిన ఆయిల్ పాస్టెల్స్ నయం.

ఆ ఆయిల్ పాస్టెల్స్ వెనక ఒక మంచి ఆలోచన ఉంది. బడిలో పిల్లల చేత నమూనా బొమ్మలు చూసి గీయించడం మానండి, కళ్లెదుట ఉన్నది వాళ్లకు తోచినట్టు వేయనివ్వండి అని యమమోతో కనాయె అనే చిత్రకారుడు జపాన్‌లో 1919 నుంచి గట్టిగా చెబుతూ వచ్చాడు. అలా వేయడానికి తగిన రంగులుగా సకురా కంపెనీ 1925లో వాటిని తెచ్చింది. వందేళ్లు దాటినా మన ఇళ్లలో ఇంకా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక ఇల్లు. మైపాడులో కొండ ఎక్కడుందండీ?

నేనూ అలాంటి తప్పే చేశాను. మా పాపకు ఏడేళ్లప్పుడు, కార్తీకంలో వానలు వెలిశాక మైపాడు వెళ్లాం. సముద్రాన్ని గోధుమ రంగులో రుద్దుతోంది. "సముద్రం నీలంగా కదమ్మా ఉండేది?" అని నీలం పుల్ల చేతికిచ్చాను. పాప ఒకసారి నావైపు, ఒకసారి నీళ్ల వైపు చూసి, "ఇట్టా లేవు గదా నాన్నా" అంది. అయినా నా మాట కోసం పైన నీలం రుద్దింది. రెండూ కలిసి బూడిద రంగైంది. ఆ రోజు మళ్లీ పుల్ల పట్టలేదు. తలెత్తి చూస్తే పెన్న తెచ్చిన బురదతో నీళ్లు అచ్చంగా తను వేసిన రంగులోనే ఉన్నాయి. సరిదిద్దాలనిపించినప్పుడు ముందు మీరు కూడా ఆ వైపు చూడండి. ఎందుకిలా వేశావు అనకుండా, ఎక్కడ చూశావు అని అడగండి.

"పిచ్చిమొక్కలు వేస్తే ఏమొస్తుంది, గులాబీలు వేయించవచ్చుగా" అనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటారు. వాళ్లకు సామర్లకోట సంగతి చెప్పండి. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అక్కడ ఉండగా మన తీరపు మొక్కల్ని మనవాళ్ల చేతనే గీయించాడు. 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా, మూడు వందల బొమ్మలతో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరున అచ్చయ్యాయి. మన నెల్లూరు తీరం కూడా ఆ కోరమాండల్‌లోదే. గీసిన చేతుల పేర్లు మాత్రం చాలావరకు మనకు మిగల్లేదు. నాకది ఎప్పుడూ బాధే.

అందుకే బొమ్మ పూర్తయ్యాక మీ పిల్లల పేరు వాళ్ల చేతే రాయించండి. పొడి చెదరకుండా పైన బటర్ పేపర్ వేసి దాచండి. వెనకవైపు ఊరు, తేదీ, ఆ రోజు ఏం చూశారో వాళ్ల మాటల్లోనే. మరుసటేడు అదే చోటికి మళ్లీ వెళ్లాం, ఈసారి నీలం పుల్ల నేను ముట్టుకోలేదు. ఆ కాగితం వెనక పాప రాసుకుంది: "మైపాడు. రాత్రి వాన పడింది. సముద్రం టీ రంగు."