డోలు చుట్టూ ఆరోగ్యం

ఒంట్లో జబ్బు లేకపోవడమే ఆరోగ్యమా? కెనడా దేశపు ఆదివాసుల అనుభవం ఇంకో జవాబు చెబుతుంది.

అక్కడి మైదాన ప్రాంత తెగలవారు 'పౌవౌ' అనే ఉత్సవంలో తోలు బిగించిన పెద్ద డోలు చుట్టూ కూర్చుంటారు. ఒకే డోలును పలువురు వాయిస్తూ, గొంతు కలిపి పాడతారు. ఆ మోతను పుడమితల్లి గుండెచప్పుడు అంటారు. ఎవరి తాళం వారిదైతే పాట చెడుతుంది. కనుక పక్కవాని చేతిని గమనించాలి. తాగి డోలు దగ్గర కూర్చోరాదనే నియమం అనేక బృందాలలో ఉంది. పెద్దల వద్ద పాట నేర్చే పిల్లవాడు తన భాషనూ, తాను ఎవరి బిడ్డో ఆ ఎరుకనూ కూడా నేర్చుకుంటాడు.

ఇలాంటి వేడుకలకు ఒకనాడు సంకెళ్లు పడ్డాయి. పశ్చిమ తీరపు 'పాట్‌లాచ్' వేడుకను 1885 నుండి చట్టం నిషేధించింది. 1895లో మరికొన్ని నృత్య వేడుకలకూ నిషేధం పాకింది. 1951లో గాని అది తొలగలేదు. 1,50,000 మందికి పైగా పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి వసతి పాఠశాలల్లో ఉంచారు. మాతృభాష మాట్లాడిన పిల్లలు దండన పొందారు. ఆ పాఠశాలల్లో చాలా వాటిని నడిపినవి కతోలిక సంస్థలే. ఈ నిజాన్ని మనం దాచుకోరాదు. ఆ గాయం దుఃఖంగా, తాగుడుగా, ఆత్మహత్యలుగా తరువాతి తరాలకూ సంక్రమించింది.

బ్రిటిష్ కొలంబియాలో చాండ్లర్, లలోండ్ అనే పరిశోధకులు 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్వపరిపాలన, సొంత బడి, సొంత వైద్యసేవలు, సంస్కృతికి ఒక నిలయం వంటివి ఎక్కువగా ఉన్న ఆదివాసీ సమాజాల్లో యువకుల ఆత్మహత్యలు తక్కువని తేలింది. పాట ఒక్కటే కాపాడిందని దీని అర్థం కాదు. డోలు మందుకు బదులూ కాదు. తనదైన దానిని తన చేతిలో ఉంచుకున్న సమాజం తన బిడ్డలను నిలుపుకోగలదు. 2015లో సత్య, సమాధాన సంఘం కూడా, రోగి కోరితే ఆదివాసుల స్వస్థత పద్ధతులను వైద్యంలో వాడాలని పిలుపునిచ్చింది.

2022 జూలై 25న పోప్ ఫ్రాన్సిస్ మస్క్వాచీస్‌లోని పౌవౌ మైదానంలోనే ఆదివాసులను క్షమాపణ వేడుకున్నారు. ప్రజల సొంత సంగీతాన్ని గౌరవించాలని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే బోధించింది. ఆ బోధన మనకూ వర్తిస్తుంది. గోండుల గుస్సాడీ, అరకు థింసా, మన పల్లెల డప్పు మనకు వినోదమా, లేక ఒక జాతి ఊపిరా?

ఆలోచించండి: మన విచారణలో ఎవరి పాటను మనం చిన్నచూపు చూశాము?