కప్పకు పళ్లుంటాయా?

దసరా సెలవుల్లో తమ్ముడు తొట్టిలో పెంచుతున్న బోదురుకప్ప వాడి వేలు పట్టుకుంది. "సైన్సు చదువుతున్నావు గదరా, కప్పకు పళ్లుంటాయా?" అన్నాడు నాన్న. తడబడ్డాను. రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన బేగంపేటలో ఉంటూ, మన చేలో కప్ప నోరైనా చూడలేదే అని సిగ్గేసింది.

తిరిగొచ్చి ల్యాబులో కప్ప పుర్రె చూశాను. మిత్రులారా, పై దవడ అంచున సన్నని పళ్ల వరుస, అంగిట్లో రెండు గుత్తులు ఉన్నాయి. కింది దవడకు లేవు. అవి నమలడానికి కాదు, ఎర జారిపోకుండా పట్టడానికే. జిగురు నాలుక పురుగును లాగుతుంది. కళ్లు లోపలికి నొక్కుకొని మింగడానికి సాయపడతాయి.

కప్పకాళ్ల ఎగుమతిని 1987లో నిషేధించారు. అంతకుముందు కప్పల్ని గోనెసంచుల్లో పట్టుకుపోయేవారట. చేలో పురుగు మిగిలేదట. తమ్ముడికి చెప్పి కప్పను వరిచేలో వదిలించాను. నమలలేని ఆ నోరే మన పైరుకు కాపలా.