బల్లకి బెజ్జం ముఖ్యం

చి. కిరణ్‌కి,

పెరట్లో పిల్లలకి ఆటల బల్ల చేస్తున్నావని, ఒకవైపు ఇసక, ఒకవైపు నీళ్ల తొట్టి అని మీ అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. నాకూ సంతోషమే. కానీ తొట్టికి అడుగున బెజ్జం అక్కర్లేదన్నావట, మగ్గుతో తోడేస్తావట! ఆ మాట వినీ ఎలా ఊరుకోను?

బల్ల సంగతి ముందు తేల్చేస్తాను. ఎత్తుకి చిన్నదాన్ని నిలబెట్టి చూసుకో, అంచు దాని మోచేతికి కాస్త కిందుండాలి. పెద్దాడు మోకాళ్ల మీద కూచుంటాడులే. ప్యాకింగ్ చెక్క వాడేట్టయితే దాని మీద ముద్ర వెతుకు. హెచ్‌టీ అనుంటే వేడి పెట్టిన చెక్క, వాడుకో. ఎంబీ అనుంటే పురుగులు చావడానికి విషవాయువు పట్టించింది, ఇంట్లోకే తేకు. అంచులు గుండ్రంగా చిత్రిక పట్టించు. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన ఉంది కాబట్టి అటక మీది పాత డబ్బా జోలికి పోకు. ఇసక కడిగి, జల్లించి పొయ్యి. రాత్రి మూత వెయ్యకపోతే వీధిలో పిల్లులన్నీ అక్కడికే వస్తాయి.

ఇక బెజ్జం. మలేరియా డిపార్టుమెంటులో నా ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల గాబుల్లోకి టార్చి వేసి చూడడమేగా. పెళ్లిచూపులకెళ్లి కూడా, చేతులు కడుక్కోమని పెరట్లోకి పంపిస్తే, గాబులో తోకపురుగులున్నాయని మీ పెద్దమ్మ వాళ్ల నాన్నకి చెప్పొచ్చాను. మీ తాతయ్య తల పట్టుకున్నాడు. మా మామగారు మాత్రం ఆ సాయంత్రమే గాబు తోమించి, పిల్లనిచ్చాడు. మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

డెంగీ దోమకి మురుగు అక్కర్లేదురా, నీ తొట్టిలాంటి తేటనీళ్లే కావాలి. కుట్టేదీ పగలే, సరిగ్గా పిల్లలు ఆడుకునే వేళ. మన ఎండలకి వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమై ఎగిరిపోతుంది. మగ్గుతో ఎంత తోడినా అడుగున కొన్ని నీళ్లు మిగులుతాయి, దానికవి చాలు. పైగా గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకని అడుగుకి వాటం ఇచ్చి, పల్లం ఉన్నచోట బెజ్జం కొట్టించి, బిరడా పెట్టు. నీళ్లు అరటి పాదులోకి పోతాయి. వారానికోసారి కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా తోము. ఆట అయిన మరుక్షణం బిరడా లాగాలి. రెండంగుళాల నీళ్లైనా పసిదానికి ప్రాణం మీదికి రావచ్చు, నీళ్లున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కనుండాల్సిందే.

కోప్పడుతున్నాననుకోకు నాన్నా. నువ్వు మా పెరట్లో చెంబుతో నీళ్లు పోసుకుంటూ బురదలో ఇల్లు కడుతుంటే నేను అన్నం మానేసి చూస్తూ కూర్చునేవాణ్ని. నీ చేతిలో పనితనముందని అప్పుడే అన్నాను, మీ నాన్న నమ్మలేదు.

మీ పెద్దమ్మ ఏటికొప్పాక లక్కపిడతలు పంపుతోంది. ఇసక వైపే పెట్టు, నీళ్లలో నానితే పాడవుతాయి. బల్ల పూర్తయ్యాక ఫొటో పంపు. అడుగు నుంచి తియ్యి, నాకు బెజ్జం కనపడాలి.

మీ పెదనాన్న