గురక సంగతి పక్కవాళ్లనే అడగాలి

"ఏంది అబ్బయ్యా, రాత్రంతా రొయ్యల గుంట కాడ ఏరేటరు ఆడినట్టుందే!"

నెల్లూరు తీరంలో ముత్తుకూరు అయినా, ఇందుకూరుపేట అయినా, పెళ్లికొచ్చిన చుట్టాలంతా ఒకే హాల్లో వరసగా పడుకున్నారంటే పొద్దున కాఫీల దగ్గర ఏ మేనత్తో ఇలాంటి మాట అనకుండా ఉండదు. అందరూ నవ్వుతారు. మాట పడ్డ మేనల్లుడు మాత్రం "నేనా? నాకసలు గురకే రాదు" అంటాడు. అతను అబద్ధం ఆడటం లేదు. ఎవరి గురక వాళ్ల చెవిన పడదు. ఇంటిల్లిపాదికీ తెలిసినా సొంతదారుకు మాత్రం తెలియని సంగతి ఇది.

వ్యక్తిత్వ వికాసం గురించి చెప్పేవాళ్లు తెల్లవారుజామునే లేవమంటారు. లేచే మనిషి రాత్రి ఎలా పడుకున్నాడని అడిగేవాళ్లు తక్కువ. అసలు అడగాల్సింది అదే. ఒక మనిషిని మందకొడి, చిరాకు మనిషి, మతిమరుపు మనిషి అని ముద్ర వేసే ముందు అతని నిద్రను పరీక్షించాలి.

మెలకువలో ఉన్నంతసేపు గొంతు చుట్టూ ఉన్న కండరాలు గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే సడలిపోతాయి. నాలుక వెనక్కి జారుతుంది. అంగిటి వెనక మెత్తటి భాగం, దానికి వేలాడే కొండనాలుక కిందికి వాలతాయి. దారి ఇరుకవుతుంది, గాలి వేగం పెరుగుతుంది, ఆ మెత్తటి కండ అదురుతుంది. ఆ అదురు చప్పుడే గురక.

దారి ఇరుకవడానికి కారణాలు చాలా ఉన్నాయి. మొదటిది బరువు. పొట్టతోపాటు మెడ లోపల కూడా కొవ్వు చేరుతుంది. మగవాళ్లలో మెడ చుట్టుకొలత 17 అంగుళాలు, ఆడవాళ్లలో 16 అంగుళాలు దాటితే డాక్టర్లు అనుమానిస్తారు. రెండోది మందు. పడుకునే ముందు తాగితే అసలే సడలే కండరాలు ఇంకా సడలుతాయి. కొన్ని నిద్రమాత్రలూ అంతే చేస్తాయి. ముక్కు దూలం వంకరగా ఉన్నా, అలర్జీతో ముక్కు మూసుకుపోయినా గాలికి దారి చాలదు. వెల్లకిలా పడుకుంటే నాలుక ఇంకాస్త వెనక్కి పడుతుంది. వయసు పెరగడం, సిగరెట్లు, థైరాయిడ్ మందగించడం, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోవడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సన్నగా ఉన్నవాళ్లకు గురక రాదనుకోవడం పొరపాటు. కింది దవడ చిన్నదైతే బక్కపలచని మనిషీ గురక పెడతాడు. రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర కాపలా కాసి పగలు కాసేపు కునుకు తీసేవాళ్లలో నిద్రలేమి వల్ల కూడా గురక పెరుగుతుంది.

పిల్లల విషయం వేరు. రోజూ నోరు తెరుచుకుని గురక పెట్టే పిల్లాడికి టాన్సిల్స్, అడినాయిడ్స్ వాచి ఉండవచ్చు. అలాంటి పిల్లలు పగలు తూగడానికి బదులు అల్లరి ఎక్కువ చేస్తారు, చదువు మీద మనసు నిలపలేరు. దెబ్బలు తినేది వాళ్లే.

గురకలన్నీ జబ్బులు కావు. గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దమై, పది సెకన్లో అంతకుమించో ఊపిరి ఆగి, తర్వాత ఉలిక్కిపడ్డట్టు మళ్లీ మొదలైతే దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గంటకు ఐదు సార్లు దాటితే జబ్బు కింద లెక్క, ముప్పై దాటితే తీవ్రం. ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, గుండె మీద ఒత్తిడి పడుతుంది, బీపీ పెరుగుతుంది. 1991లో 'గ్యాంగ్ లీడర్' పాటలను నెల్లూరు బిడ్డ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతుతో ఊరూరా మోగించిన సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో 69 ఏళ్లకు కన్నుమూసినప్పుడు, డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఈ స్లీప్ ఆప్నియా ఒకటి. పనిచేసే వయసు భారతీయుల్లో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి ఇది ఉండవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో అంచనా వేశారు.

ఈ జబ్బు తెచ్చే పగటి నిద్రమత్తును బద్ధకం అనుకోవడం కొత్తేమీ కాదు. చార్లెస్ డికెన్స్ 1836లో మొదలుపెట్టిన 'పిక్విక్ పేపర్స్' నవలలో జో అనే లావుపాటి కుర్రాడు పని మధ్యలో కూడా నిద్రపోయి గురక పెడతాడు. అతన్ని చూసి నూట ఇరవై ఏళ్లు పాఠకులు నవ్వుకున్నారు. 1956లో అమెరికా వైద్యులు అలాంటి లక్షణాలున్న రోగిని పరీక్షించి, ఆ నవల పేరే జబ్బుకు పెట్టారు.

నవ్వి ఊరుకుంటే ప్రాణాల మీదికి కూడా వస్తుంది. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్‌లో ఒక రైలు, గంటకు 30 మైళ్లు దాటకూడని మలుపులోకి 82 మైళ్ల వేగంతో దూసుకెళ్లి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. డ్రైవరు కునుకు తీశాడని, అప్పటిదాకా ఎవరూ కనిపెట్టని స్లీప్ ఆప్నియా అతనికి ఉందని దర్యాప్తులో తేలింది. కావలి నుంచి సూళ్లూరుపేట దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా బండి తోలే డ్రైవర్లకు నిద్ర పరీక్ష కంటి పరీక్షంత అవసరం.

దారులు లేకపోలేదు. ఒత్తిగిలి పడుకోవడం, రాత్రి మందు మానడం, ముక్కుకు వైద్యం చేయించుకోవడంతో మామూలు గురక చాలావరకు తగ్గుతుంది. బరువు పది శాతం తగ్గితే ఊపిరి ఆగడం సుమారు 26 శాతం తగ్గవచ్చని అమెరికాలో విస్కాన్సిన్ పరిశోధకులు 2000లో లెక్కగట్టారు. నాలుకకు, గొంతుకు మూడు నెలలు రోజూ వ్యాయామం చేయించిన బ్రెజిల్ వైద్యులకు 2009లో 39 శాతం తగ్గుదల కనిపించింది. జబ్బు ముదిరినవాళ్లకు సీప్యాప్ ఉంది. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి దారి మూసుకుపోకుండా చూసే ఈ పద్ధతిని ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ 1981లో లోకానికి చెప్పాడు.

వీటన్నిటికీ మొదటి మెట్టు మాత్రం మందుల షాపులో దొరకదు. భార్య చెప్పినా, కొడుకు చెప్పినా ఉడుక్కోకుండా వినగలగాలి. చెప్పేవాళ్లూ పదిమందిలో పరాచికం ఆడకుండా, విడిగా, ప్రేమగా చెప్పాలి. తన కంటికి కనపడని లోపాన్ని ఎదుటివాళ్ల మాట మీద నమ్మడం నేర్చిన మనిషి గురక దగ్గరే ఆగడు, మిగతా లోపాలూ సరిచేసుకుంటాడు.

కాబట్టి ఈ రోజే ఇంట్లోవాళ్లను అడగండి: గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా? అవునంటే ఒక రాత్రి ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఆ రికార్డింగు పట్టుకుని చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని గానీ ఊపిరితిత్తుల డాక్టర్ని గానీ కలవండి. వెళ్లేటప్పుడు ఆ గురక విన్న మనిషినీ వెంట తీసుకెళ్లండి.